జమీర్ మామ కోసిన నక్షత్రచేప

ప్రొద్దుటూరులో పుట్టిన మా జమీర్ మామ ఒక తలవెంట్రుకను పడుకోబెట్టి నిలువునా వెయ్యి పొరలు తీయగలడు. తీసి, ఏ పొర పలచన, ఏ పొర మందం అన్నది కొలబద్ద ముట్టకుండా చూపుతోనే చెప్పగలడు. అందులో ఒక పొరను అరచేతిలో పెట్టుకొని ఊదితే, అది జమ్మలమడుగు మీదుగా తేలుతూ పోయి గండికోట లోయలో దిగడానికి మూడు రోజులు పడుతుంది.

ఇందులో గండికోట ఒక్కటే నేను కలిపింది. తక్కినదానికి నేనే సాక్షిని. పులివెందుల శివార్లలో పశువుల రోగాలు పరీక్షించే ఒక లాబ్ ఉంది. అక్కడ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును చల్లగా ఉంచే ఏసీలకు వైద్యం చేసేది నేను. ఇంటర్ రెండో ఏడాదిలో చదువు నన్ను వదలలేక ఏడ్చింది; నేనే దానికి నచ్చజెప్పి పంపించేశాను. అందుకని ఇక్కడ సైన్సులో ఏదైనా తప్పుంటే అది నాది. చేతిపని గురించి ఉన్నదంతా మామది.

మామకు నలభై ఆరేళ్లు. అందులో ఇరవై ఏళ్లు ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో గీటురాయి ముందు కూర్చున్నాడు. నగను నల్లరాతి మీద గీయడం, గీత రంగు చూడడం, ఇందులో బంగారం ఎంత, వెండి ఎంత, రాగి ఎంత అని చెప్పడం. అదే పని. వాళ్ల నాయనదీ అదే పని. పెళ్లిచూపుల్లో ఖమ్రున్నీసా అత్త తలెత్తి చూడకముందే ఆమె ముక్కుపుడకలో రాగి ఎక్కువుందని చెప్పేశాడట. అత్త తలెత్తింది, కోపంతో. ఆ కోపమే నచ్చి చేసుకున్నానని మామ అంటాడు. ఆ కోపం ఇంకా తగ్గలేదని అత్త అంటుంది.

తర్వాత మెషిన్ వచ్చింది. నగను డబ్బాలో పెట్టి మూత వేస్తే అర నిమిషంలో కాగితం మీద అంకెలు వస్తాయి. ఒక పొద్దున మామ అంగడికి పోయేసరికి, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద ఆయన గీటురాయి పెట్టి ఉంది. పొమ్మని ఎవరూ అనలేదు. రాయి ఎక్కడికి చేరిందో చూసి, ఆయనే చెప్పులు వేసుకొని వచ్చేశాడు.

లాబ్‌లో మైక్రోస్కోపు చూసే ఆదినారాయణ సార్ ఒకప్పుడు ఆ అంగడికి వచ్చిపోయినవాడు. మామ కంటి సంగతి ఆయనకు తెలుసు. పొరలు కోసే పనికి ఎవరూ నిలవడం లేదని మామను పిలిపించి కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి మామ సోమవారం పొద్దున ప్రొద్దుటూరులో బస్సెక్కి, జమ్మలమడుగు, ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందుల చేరతాడు. వారమంతా లాబ్ వెనక గదిలో ఉండి శనివారం ఇంటికి పోతాడు.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. మేక కాలేయమో గొర్రె ఊపిరితిత్తో గసగసాల గింజంత ముక్క తీసి, జిగురులో ముంచి, వేడి పెట్టి గట్టిపరుస్తారు. అది బ్లాకు. దాన్ని వజ్రపు కత్తి అంచు మీదుగా ఒక యంత్రం మెల్లగా దింపుతుంది. కత్తికి ఆనుకొని గోరంత నీళ్ల తొట్టి. యంత్రాన్ని ఎంత మందానికి తిప్పినా పొరలన్నీ సమానంగా తెగవు. తెగిన పొర ఆ నీళ్ల మీద తేలుతుంది. తేలినప్పుడు దీపం వెలుగుకు దానికొక రంగు వస్తుంది. బాగా పలచనైతే బూడిద రంగు. కొంచెం మందమైతే వెండి రంగు. ఇంకొంచెం మందమైతే బంగారు రంగు. ఊదా, నీలం వచ్చాయంటే పారేయాల్సిందే. గోడ మీద ఆ రంగుల పటం ఉంటుంది. అందులో వెండికి ఒక టిక్కు, బంగారుకు ఒక టిక్కు.

తేలే పొరల్ని చేత్తో ముట్టకూడదు. పుల్ల చివర కనురెప్ప వెంట్రుక అంటించి, దాంతో తోలాలి. గొర్రెల్ని దొడ్డిలోకి తోలినట్టు తోలి, పప్పుబద్దంత రాగి జల్లెడ మీదికి ఎత్తాలి. ప్రపంచంలో ఏ లాబ్‌లోనైనా ఇంతేనట. మా లాబ్‌లో వెంట్రుక మాత్రం ఖమ్రున్నీసా అత్తది.

"నా కండ్లల్లో నీళ్లొస్తే సూడడు గానీ, రెప్ప వెంట్రుక ఒకటి రాలితే దాచేదానికి అగ్గిపెట్టె తీసుకోని ఉరికొస్తాడు మీ మామ," అని అత్త ఒకసారి నాతో అంది.

పోయిన ఏప్రిల్లో ఒక సోమవారం ప్రత్యూష వచ్చింది. తొండూరు పిల్ల. శనగ పండించే ఇంట్లో పుట్టి, సముద్రపు ఒడ్డున ఉన్న యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. అక్కడి మైక్రోస్కోపు చెడిపోయిందని, సొంత ఊరి పక్కనే ఒకటి ఉందని తెలిసి, అయిదు రోజులకు అనుమతి రాయించుకొని వచ్చింది. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో మూడు బ్లాకులు.

"ఏంది పాపా, మేకనా, గొర్రెనా?" అన్నాడు మామ.

"నక్షత్రచేప మామా. మగది. దాని వీర్యం."

మామ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా నాయన బతికుంటే, నేనేం పని చేస్తాండానో ఏమని చెప్పుకోవల్నో," అన్నాడు.

ప్రత్యూష నవ్వింది. మనిషి ఎదురుగా కూర్చుంటే చెప్పకుండా ఉండలేని పిల్ల. "ఒక్కొక్క కణం తలకాయలో జానెడు దారం ఉంటాది మామా. వాళ్ల నాయన పోలిక, తాత పోలిక అన్నీ ఆ దారంలోనే. ఆ తలకాయ పక్కన ఆవగింజను పెడితే, ఆవగింజ గండికోట అంత కనపడతాది."

"ఈనితో తిరగతాండావా ఏంది పాపా?" అని మామ నన్ను చూపించాడు.

"లే మామా, నిజమే. అంత దారాన్ని అంత చిన్నదాంట్లో ఎట్ల కుక్కినారో సూడల్ల. ఉండలుండలుగా పెట్టినారా, మడతలు మడతలుగా పెట్టినారా? ఆ కుక్కిన దారాన్నే క్రోమాటిన్ అంటారు. మూడేండ్ల నుంచి నా పని అదే. రాసిందంతా రాసినా. ఫోటో ఒకటే ల్యా. ఫోటో లేకుంటే అదంతా ఉత్త మాట."

"మా గొలుసుల అంగట్లో పిడికెడు డబ్బీలో పది గొలుసులు పెడతారు. చిక్కు పడకుండా పెట్టేదానికి ఒక తీరుంటాది," అన్నాడు మామ.

"ఆ తీరే మామా నాకు కావల్సింది."

ఆ చేపలు దొరకడం సులభం కాదు. హార్బరులో వలలు విదిలించే చోట నిలబడి ఏరుకోవాలి. చలికాలంలో కొన్ని వారాలే వాటికి పక్వం. ఆ వారాలు దాటాయి. మళ్లీ చలికాలం వచ్చేదాకా యూనివర్సిటీ ఆగదు. నెలాఖరుకు గడువు, అప్పటికే రెండుసార్లు పెంచారు. కనీసం ఇరవై తలకాయల ఫోటోలు కావాలి. ఉన్నవి మూడు బ్లాకులు. ఒక్కో బ్లాకులో వీర్యం ఉన్నది పై కొసనే, ఉల్లిపొరంత మందం కూడా లేదు. కిందిదంతా ఉత్త జిగురు.

మంగళవారం మామ మొదటి బ్లాకు కోశాడు. కోసేటప్పుడు గదిలో ఏసీ ఆపేస్తారు. ఆ గాలికే పొరలు చెదిరిపోతాయి. మామ శ్వాస కూడా పక్కకు తిప్పి వదులుతాడు. సాయంత్రానికి పది జల్లెడలు నిండాయి. పొరలో ఉన్నది తెర మీద నల్లగా తేలాలని సీసాలోంచి ఒక చుక్క మందు వేస్తారు. అది యురేనియం ఉప్పు. తుమ్మలపల్లె గనిలో నుంచి మామ టిఫిన్ క్యారియర్లో తెస్తాడని నేను వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాను. నమ్మినవాళ్లు మామ క్యారియర్ వైపు చూసి దూరం జరుగుతారు. నిజానికి ఆ మందు ఎక్కడో తయారై సీలు వేసిన సీసాలో వస్తుంది. మామ క్యారియర్లో ఉండేది జొన్నరొట్టె.

ఆదినారాయణ సార్ మొదటి జల్లెడను మైక్రోస్కోపులో పెట్టాడు. తెర మీద తలకాయలు కనిపించాయి. చక్కగా, వరసగా, వందల కొద్దీ. ప్రతి తలకాయా నల్లగా ఉంది. పెద్దది చేసి చూశారు. పెద్ద నలుపు. ఇంకా పెద్దది చేశారు. తెర అంతా నలుపు. దారమూ లేదు, ఉండా లేదు. తారు పూసినట్టు ఉంది.

పది జల్లెడలూ అంతే.

"మందు సరిగా పట్టలేదేమోనమ్మా. సముద్రం కాడ నువ్వు దీన్ని మందులో ఊరవేసినప్పుడే ఏదో తేడా వచ్చింటాది," అన్నాడు సార్. ఆయన మంచివాడే. మేకల్ని చూసిన అనుభవం ఆయనది.

బుధవారం రెండో బ్లాకు. మామ మరింత శ్రద్ధగా కోశాడు. "నా పొరలకు వంక పెట్టే పని లేదు పాపా. ఏరి ఏరి మేలిమివి పెడతాండా," అని ధైర్యం చెప్పాడు. సాయంత్రం తెర మీద మళ్లీ తారు.

ప్రత్యూష ఆ పూట భోజనానికి రాలేదు. మెట్ల మీద కూర్చొని పాత నోటుబుక్కు తిరగేస్తోంది. ఏ రోజు ఏ మందులో ఎన్ని నిమిషాలు ఉంచిందో వెతుక్కుంటోంది. నేను పక్కన కూర్చొని, ఒకసారి ఒట్టి చేతుల్తో ఏసీలోంచి నాగుపామును తీసిన సంగతి చెప్పాను. పాము పొడుగు చెప్పేటప్పుడు కూడా ఆ పిల్ల నవ్వలేదు.

"పది నిమిషాలు ఎక్కువ పెట్టినానేమో అన్నా," అంది. "ఆ పొద్దు హార్బరులో వాన. చేతులు వణకతాండె."



గురువారం మూడో బ్లాకు. ఆ పిల్ల తెర ముందు కూర్చోలేక, కోసే గదిలోకి వచ్చి మామ పక్కన స్టూలు వేసుకుంది. ఆ యంత్రానికి ఇద్దరు ఒకేసారి చూడడానికి రెండు జతల కంటిగొట్టాలు ఉంటాయి. ఆపిన ఏసీని మళ్లీ వేయడానికి నేను తలుపు దగ్గర ఉన్నాను. మధ్యాహ్నం ఎండ. ముగ్గురమూ చెమటలు కక్కుతున్నాం. మామ చాలాసేపు కోశాడు. పొర తరువాత పొర నీళ్ల మీదికి జారుతోంది. మామ కనురెప్ప పుల్లతో కొన్నింటిని ఇటు, కొన్నింటిని అటు తోలుతున్నాడు. అటు తోలినవాటిని మెత్తని కాగితంతో అద్ది, కాగితాన్ని బుట్టలో వేస్తున్నాడు.

"మామా, వాటిని యాడికి తోలతాండావు?" అంది ప్రత్యూష.

"ఏవి పాపా?"

"ఆ తెల్లగుండేటివి."

"అవి వెండివి పాపా. నీకు బంగారువి ఏరతాండా."

ప్రత్యూష కంటిగొట్టం నుంచి ముఖం తీసింది. "మొదటి రెండు బ్లాకులూ అంతేనా?"

"నీవే కాదు, రెండేండ్లుగా ఎవురివైనా అంతే. మనల్ని నమ్మి దూరం నుంచి వచ్చినోళ్లకు వెండి ఎత్తి ఇస్తామా?"

పటం మీద రెండు టిక్కులున్నాయి. రెండూ మంచివే అన్నారు. రెండూ మంచివైనప్పుడు ప్రొద్దుటూరులో పుట్టినవాడు ఏది ఎత్తుకుంటాడు? మేక కాలేయానికి ఆ మందం చాలు; రెండేళ్లలో ఎవరికీ తేడా తెలియలేదు. నీళ్ల మీద తేలినప్పుడే పొరకు రంగు. జల్లెడ మీద ఆరిపోయాక ఏ రంగూ ఉండదు. సార్ ఎన్నిసార్లు చూసినా ఆయనకు అది తెలిసే దారి లేదు.

"మామా," అంది ప్రత్యూష, మెల్లగా, బడిపిల్లలకు చెప్పినట్టు. "బంగారుది మందం ఎక్కువ. వీటి తలకాయల్లో దారం శానా ఒత్తుగా ఉంటాది. మందం పొరలో దారం మీద దారం పడి, అంతా నల్లగైపోతాది. నాకు వెండివే కావల్ల. బూడిదవైతే ఇంకా మంచిది."

మామ పుల్లను కింద పెట్టాడు.

"నేను ముందే అడగల్సింది," అంది ఆ పిల్ల. "అడగల్యా."

తిట్టి ఉంటే బాగుండేది. మామ అన్నింటికీ సిద్ధమైన మనిషి. అంగట్లో సేట్ల తిట్లు తిన్న చెవులు అవి. ఈ మాటకు మాత్రం అలవాటు పడినవి కావు. లేచి, చెత్తబుట్టను బల్ల మీద బోర్లించాడు.

ప్రొద్దుటూరు అంగళ్లలో ఊడ్చిన దుమ్మును పారేయరు. మూటగట్టి దాచిపెట్టి అమ్ముతారు. కొన్నవాళ్లు దాన్ని కడిగి, కాల్చి, అందులోని బంగారపు రజను తీస్తారు. పనివాళ్లు చేతులు కడిగిన నీళ్లు కూడా వృథా కావు. అక్కడ పెరిగిన మనిషికి పోయినదంటే అర్థం, ఇంకా వెతకలేదని. మామ ఆ కాగితపు ఉండల్ని ఒక్కొక్కటే విప్పి దీపం కింద పరిచాడు. వంగి చూశాడు. తిప్పి చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. వెంట్రుకలో వెయ్యో వంతు పొర, తడి కాగితానికి అంటుకొని ఎండిపోయింది. ఇరవై మూడు కాగితాలు. ఇరవై మూడింటిలోనూ కాగితమే ఉంది.

"వద్దు మామా, రాదు," అంది ప్రత్యూష.

"ఉండు పాపా."

"రాదు మామా."

ఆయన ఇరవై నాలుగోది ఉందేమోనని బుట్ట అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. ఆ పూటంతా అవసరం లేకపోయినా నేను ఏసీ మూత విప్పి, ఏదో తుడుస్తూ నిలబడ్డాను.

శుక్రవారం ఆఖరి రోజు. బ్లాకు కొసన మిగిలింది చూస్తే ఉందో లేదో అన్నట్టు ఉంది. మామ పొద్దున నమాజు చేసుకొని వచ్చి, ఏమీ తినకుండా కూర్చున్నాడు. యంత్రాన్ని సన్నపు మందానికి తిప్పాడు. ఇరవై ఏళ్లు రాతి మీద గీత గీసిన చెయ్యి. నేను ఎంతమందికి చెప్పానో, జమీర్ మామ చేతిలో నిండు చాయ్ గ్లాసు పెట్టి బస్సులో ముద్దనూరు దాకా పంపితే చుక్క తొణకదని. ఆ రోజు ఆ చేతి మణికట్టును రెండో చేత్తో పట్టుకొని పని చేశాడు. 

మొదటి పొర కత్తి అంచుకు అంటుకొని చిరిగింది. రెండోది నీళ్ల మీద మడత పడింది. మూడోది విడిగా, చదునుగా తేలింది. వెండి. దాన్ని జల్లెడ మీదికి ఎత్తడానికి ఆయనకు పావుగంట పట్టింది. నాలుగోది కూడా వెండి రంగే గానీ అందులో ఏమీ లేదు. బ్లాకులో వీర్యం అయిపోయింది, జిగురు మొదలైంది. మామకు నమ్మకం చాలక ఇంకో ఆరు కోశాడు. ఆరూ అద్దంలా శుభ్రంగా ఉన్నాయి.

మూడో పొరను మైక్రోస్కోపులో పెట్టారు. దాని అంచున ఒకే ఒక్క తలకాయ, ఏటవాలుగా తెగి ఉంది. పెద్దది చేశారు. నలుపు విడిపోయింది. జొన్నకంకిలో గింజల్లా చిన్న చిన్న ఉండలు, ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకొని, మధ్యలో సన్నని తెల్లని సందులు. ప్రత్యూష కుర్చీ అంచుకు జరిగి చూసింది.

"మామా, రా. సూడు. నీవు కోసిందే."

మామ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. రెండేళ్లుగా కోస్తున్నా, తాను కోసింది తెర మీద ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు.

"ఇదేనా పాపా, నువ్వు చెప్పిన తీరు?"

"ఇదే మామా. ఉండలే."

ఫోటో తీశారు. ఆదినారాయణ సార్, "ఒక్క తలకాయతో మీ యూనివర్సిటీ కమిటీ ఒప్పుకోదమ్మా. అదీ అంచున తెగింది," అన్నాడు. ఆ పిల్లకు ఆ సంగతి ఆయన కంటే ముందే తెలుసు.

"ఇంకొకటి కోస్తా," అన్నాడు మామ.

"దేన్ని కోస్తావు మామా? అయిపోయింది గదా," అంది ప్రత్యూష. డబ్బా మూత పెట్టి, మామకు దండం పెట్టి, తొండూరు బస్సెక్కింది.

నెలాఖరు వచ్చింది, పోయింది. యూనివర్సిటీ మళ్లీ గడువు పెంచలేదు. ఆ పిల్ల ఇప్పుడు తొండూరు నుంచి జమ్మలమడుగుకు పోయి, అక్కడి జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతోంది. శనివారం మామ ఇంటికి పోయే బస్సు తొండూరులో ఆగితే ఒక్కోసారి ఆమె అదే బస్సెక్కుతుంది. "బాగుండావా మామా?" అంటుంది. "బాగుండా పాపా," అంటాడు. జమ్మలమడుగులో ఆమె దిగేదాకా మామ ముందు సీటు కమ్మీని చూస్తూ కూర్చుంటాడు. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. ఆ బస్సులో నాకు తెలిసిన అబద్ధాలన్నీ మరిచిపోయాను.

లాబ్‌లో పటం మీద బంగారు రంగు పక్కనున్న టిక్కును ఎవరో కొట్టేశారు. 

ఆ తర్వాత చలికాలంలో మామ మూడు రోజులు పనికి రాలేదు. అది చాలు నాకు. ఊళ్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను: జమీర్ మామ సముద్రానికి పోయినాడు, లుంగీ ఎగగట్టి నడుము లోతులో నిలబడి ఆ పాప పేరు చెప్పగానే నక్షత్రచేపలు అయిదు చేతులూ ఎత్తుకొని ఒడ్డుకు వచ్చినాయి, వాటిని ఉప్పునీళ్ల బిందెలో పెట్టుకొని వస్తాంటే కండక్టరు ఒక్కోదానికి అర టికెట్టు కొట్టినాడు అని. పులివెందులలో ఈ కథ ఇప్పుడు నాకే తిరిగి చెబుతున్నారు.

దీన్నంతా రాసి, మామకు చదివి వినిపించాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విని, ఇలా అన్నాడు:

"సముద్రం యాడ సూసినానప్పా నేను? బిందె తీసుకోని ప్రొద్దుటూరు బస్టాండు దాకా పోయినా. ఆడినుంచి ఆ పాపకు ఫోన్ చేసి, ఏ చేప, ఎట్లుంటాది అని అడిగినా. ఇప్పుడు తెచ్చినా తీసుకునేటోళ్లు లేరు మామా, ఇంటికి పో అనింది. పోయినా. మూడు దినాలు జరం."